అతుకు దగ్గర

రెండు కొటేషన్లు మూడు వారాలుగా హైమావతి బల్ల మీదే ఉన్నాయి. శుక్రవారంలోగా వాటిలో ఒకదాని మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఏడాది మంజూరు రద్దయిపోతుంది, మళ్ళీ కంప్యూటర్ అడగాలంటే ఐదేళ్ళు ఆగాలి. పొద్దున్న రాగానే ఆ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం, మధ్యాహ్నానికి వాటిని ఫైల్లో పెట్టేయడం ఆవిడకు అలవాటైపోయింది.

విశాఖపట్నంలోని ఆ కంటి పరిశోధన కేంద్రంలో ఇమేజింగ్ విభాగమంటే మూడు గదులు, ఇద్దరు మనుషులు. ఒకరు హైమావతి, నలభై ఎనిమిదేళ్ళ శాస్త్రవేత్త. రెండోవాడు కెమెరా టెక్నీషియన్ కూర్మారావు. అతని ఊరు సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళ మధ్య ఉన్న కొత్తరేవు. నెలకు రెండుసార్లు వ్యానులో కెమెరా పెట్టుకుని ఆ చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి, ఉప్పు పనివాళ్ళ కళ్ళు ఫొటోలు తీసుకొస్తాడు.

ఆ ఊళ్ళలో ఉప్పు తీసేవాళ్ళకు ఒక జబ్బు వస్తోంది. వాళ్ళు దాన్ని ‘తెలుపు’ అంటారు. కళ్ళ ముందు ఎక్కడో ఒకచోట తెల్లటి మచ్చ మొదలవుతుంది. ఏడాదిలో అది చూపంతా కమ్మేస్తుంది. ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. దీనికి ఒక సూదిమందు ఉంది గానీ, మచ్చ కనబడక ముందే కంట్లోకి ఎక్కించాలి. పోనీ ముందుజాగ్రత్తగా అందరికీ ఇచ్చేద్దామా అంటే, బాగున్న కంటికి ఆ మందు వేస్తే పదిమందిలో ఒకరికి చూపు శాశ్వతంగా మసకబారుతుంది. కాబట్టి ఎవరికి వస్తుందో ముందే తెలియాలి.

అది తెలుసుకునే దారి కనిపెట్టింది హైమావతే. కంటి వెనక పొరలో వెలుతురును పట్టే కణాలు, వెలుతురు పడగానే ఒక్క క్షణం ఉబ్బి మళ్ళీ సర్దుకుంటాయి. ఎనిమిదేళ్ళ కిందట పాత రికార్డింగులు వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తుంటే, కొన్ని కణాలు పక్కవాటికంటే ఆలస్యంగా ఉబ్బుతున్నాయని ఆవిడ కంటపడింది. ఏడాది తిరిగేసరికి చచ్చిపోయింది సరిగ్గా ఆ కణాలే. ఆ ఆలస్యానికి ‘వెనుకపాటు’ అని పేరు పెట్టింది. అప్పట్నుంచి ఆవిడ పనంతా దాన్ని లెక్కగట్టడమే.

చిక్కు కంప్యూటర్‌తో వచ్చింది. కెమెరా ఒక కన్ను తీయడానికి ఆరు నిమిషాలు చాలు. ఆ ఆరు నిమిషాల్లో వచ్చే బొమ్మలు మాత్రం ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ మెమరీలో పట్టవు. కాస్త డిస్కు మీంచి తెచ్చుకోవడం, లెక్కగట్టడం, దాన్ని పెట్టేసి ఇంకాస్త తెచ్చుకోవడం. ఒక్క కంటికి నాలుగు రోజులు పట్టేది. కూర్మారావు అప్పటికే పధ్నాలుగు వందల మందివి తీసుకొచ్చాడు. అవన్నీ పూర్తికావాలంటే ముప్పై ఏళ్ళు. బొమ్మలు బయటి కంప్యూటర్లకు పంపడానికి అనుమతి లేదు.

మొదటి కొటేషన్‌లోని యంత్రానికి మెమరీ చాలా ఎక్కువ. కన్ను మొత్తాన్నీ ఒకేసారి పట్టుకుంటుంది. ఏ కణాన్నయినా దాని ఇరుగుపొరుగుతో కలిపి చూస్తుంది. కానీ కంటికి ఐదు గంటలు. పధ్నాలుగు వందల మందికి పంతొమ్మిది నెలలు.

రెండో దాంట్లో నాలుగు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. ఒక్కోదాని మెమరీ చిన్నది, వేగం మాత్రం విపరీతం. కంటి బొమ్మను గళ్ళు గళ్ళుగా కోసి, ఒక్కో గడినీ విడిగా లెక్కించి, చివర్న అతకాలి. కంటికి తొమ్మిది నిమిషాలు. మొత్తం పద్దెనిమిది రోజుల్లో అయిపోతుంది. అయితే గడి అంచున సగం తెగిన కణాన్ని ఆ గడీ లెక్కలోకి తీసుకోదు, పక్క గడీ తీసుకోదు.

మంగళవారం డాక్టర్ ఖాదర్ బాషా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. సూదిమందు ఇచ్చేది ఆయనే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ తొందరపెట్టడు. ఆ రోజు తొందరపెట్టాడు.

“హైమావతి గారూ, పోయిన నెల కొత్తరేవు నుంచి ఏడుగురు వచ్చారు. ఏడుగురికీ మచ్చ వచ్చేసింది. వాళ్ళ బొమ్మలు మన దగ్గరే ఉన్నాయి, ఏడాదిగా.”

“తెలుసండీ.”

“నాకు మిషన్ల గురించి తెలియదు. పంతొమ్మిది నెలలంటే ఇంకా ఎంతమందో మీరే చెప్పండి.”

ఆవిడ చెప్పింది. తన అంచనా ప్రకారం నూట ఇరవై మంది దాకా. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఇంట్లో కూరగాయలు తరుగుతూ భర్త రామకోటితో ఆ మాటే ఎత్తింది. అతను ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఏ రూటుకు వెళ్ళాలో వేసేది అతనే.

“మీ బస్సుల్లో బ్రేకులు పూర్తిగా చూడకుండా దేన్నైనా పంపిస్తారా?”

“చూడకుండా పంపను. పూర్తిగా చూడాలంటే మాత్రం పొద్దున్న సగం బస్సులు కదలవు. స్టాండులో జనం ఉంటారు కదా.”

“మరెలా?”

“పంపినవాటిని తిరిగొచ్చాక ఇంకోసారి చూస్తాం. చూడాలి. ఒక్కోరోజు అదీ కుదరదు.” రామకోటి టిఫిన్ డబ్బా మూత పెట్టి ఆవిడ ముందుకు జరిపాడు. “నువ్వు నెలరోజులుగా సరిగ్గా తినట్లేదు. అది ముందు చూసుకో.”

గురువారం ఆవిడ చివరి పరీక్ష చేసింది. రెండో కంపెనీ ఒక్క రోజుకని ల్యాబ్‌కు పంపిన నమూనా యంత్రంలో, ఫలితం ముందే తెలిసిన నలభై కళ్ళను గళ్ళుగా కోసి నడిపింది. ముప్పై తొమ్మిది సరిపోయాయి. ఒక్కటి తేడా వచ్చింది. అంచుల దగ్గర పోయే కణాలను పట్టుకునే ఉపాయం ఆవిడకు తెలుసు. గళ్ళన్నిటినీ సగం గడి పక్కకు జరిపి, మొత్తం మళ్ళీ ఒకసారి నడిపితే చాలు. మొదటిసారి అంచున పడ్డ కణం రెండోసారి గడి మధ్యలోకి వస్తుంది. నోటుపుస్తకంలో ‘రెండో విడత తప్పనిసరి’ అని రాసుకుంది. శుక్రవారం రెండో కొటేషన్ మీద సంతకం పెట్టింది.

“ఏది తీసుకున్నారు మేడమ్?” అని కూర్మారావు అడిగాడు.

“తొందరగా చేసేది.”

“మంచిది. మావోళ్ళు రోజూ అడుగుతున్నారు మేడమ్, ఎప్పుడొస్తాది, ఎప్పుడొస్తాదని. ఏటి సెప్పాలో తెలవట్లేదు.”

యంత్రం వచ్చింది. పెట్టెలు విప్పడం, గదికి రెండో ఏసీ పెట్టించడం, కరెంటు లైను మార్పించడం, ఇవన్నీ ఇద్దరే చేసుకున్నారు. ఆ పద్దెనిమిది రోజులూ హైమావతి దాని ఫ్యాన్ల హోరులోనే కూర్చుంది. ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో అంకె పడుతూ వచ్చింది. రెండు వందల పన్నెండు మందికి మందు కావాలి. మిగిలిన పదకొండు వందల ఎనభై ఎనిమిది మందికి ప్రమాదం లేదు.

రెండో విడత నడపాల్సింది అప్పుడే. కానీ సూదిమందు శిబిరానికి బాషా తేదీ వేసేశాడు. పిలవాల్సిన రెండు వందల పన్నెండు మంది జాబితా ఆవిడే సరిచూడాలి. ఈలోపు పక్క మండలం బొమ్మలు వచ్చిపడ్డాయి. వాటినీ యంత్రంలో పెట్టింది. రెండో విడత వచ్చే నెల అనుకుంది. వచ్చే నెల జ్వరం వచ్చి పది రోజులు పడుకుంది. లేచాక ఆ పేజీ తిరగేయలేదు. ఎవరూ ఆపలేదు, ఎవరూ వద్దనలేదు. ఎనిమిదేళ్ళుగా మోస్తున్న పని ఒక ఒడ్డుకు చేరినట్టనిపించి, ఆవిడ కాస్త కూర్చుండిపోయింది.

రిపోర్టులు ఊళ్ళోవాళ్ళకు పంచింది కూర్మారావు. వాటిల్లో అతని భార్య గున్నమ్మది కూడా ఉంది. ‘ప్రమాదం లేదు’ అన్న కాగితం తనే ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాడు. అంతకుముందు భయపడి ఆమెను ఉప్పు పని మాన్పించాడు. ఆ కాగితం చూశాక ఆమె మళ్ళీ ఉప్పు మళ్ళలోకి వెళ్ళింది.

ఐదు నెలలు గడిచాయి. ఒకరోజు కెమెరా అద్దాలు తుడుస్తూ కూర్మారావు మామూలుగా అన్నాడు.

“మేడమ్, మా ఇంటిదానికి ఉప్పు కుప్ప మద్దిలో గీత కనిపిస్తందట. కుప్ప రెండు ముక్కలయినట్టు. ఎండకేమో అన్నాను.”

హైమావతి చేతిలోని పెన్ను కింద పెట్టింది. “ఏ కంటికి?”

“కుడికన్ను మూస్తే పోతందట.”

“రేపు తీసుకురా కూర్మారావ్. రేపు కాదు, ఇవాళే. వ్యాను తీసుకెళ్ళు.”

సాయంత్రానికి గున్నమ్మ వచ్చింది. సన్నటి మనిషి, చేతుల మీద ఉప్పునీటి పగుళ్ళు. కెమెరా ముందు గడ్డం ఆనించి కదలకుండా కూర్చుంది. కొత్త బొమ్మ యంత్రంలోకి వెళ్ళింది. తొమ్మిది నిమిషాల తర్వాత ‘ప్రమాదం లేదు’ అనే వచ్చింది. హైమావతి ఆ ఫలితాన్ని పక్కన పెట్టి, అసలు బొమ్మనే తెర మీద పెద్దది చేసి చూసింది.

కంటి పొర మీద రక్తనాళం విల్లులా వంగి ఉంది. దాని వెంబడే సన్నటి పట్టీలా కణాలు చచ్చి ఉన్నాయి. గుండ్రటి మచ్చ కాదు, పట్టీ. ఆవిడ గళ్ళను తెచ్చి బొమ్మ మీద పరిచింది. రెండు వరుసల గళ్ళు కలిసే అంచు ఆ పట్టీ మీదుగా పోయింది.

ఇంతవరకు ఎవరూ చూడని సంగతి అది. కొందరిలో ఈ జబ్బు గుండ్రంగా మొదలవదు, నాళం వెంబడి పాకుతుంది. ఆ నాళం అందరి కళ్ళలోనూ దాదాపు ఒకేచోట ఉంటుంది. కెమెరా అందరికీ ఒకే బిందువు మీద నిలుస్తుంది, గళ్ళు అందరికీ ఒకేచోట తెగుతాయి. అంటే ఈ రకం జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి అది అతుకు మీదే పడుతుంది. ఇంకెప్పుడైనా అయితే ఇంత పెద్ద సంగతి దొరికినందుకు ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడేది. ఇప్పుడు తెర ముందు నుంచి కదలలేకపోయింది.

గళ్ళను సగం గడి పక్కకు జరిపి మళ్ళీ నడిపింది. ఈసారి తొమ్మిది నిమిషాల తర్వాత తెర మీద ఎర్ర అంకె పడింది. ఐదు నెలల కిందటి పాత బొమ్మను కూడా అలాగే నడిపింది. దాంట్లోనూ ఎర్ర అంకే. అప్పట్లో మందుకు సమయం ఉంది.

కూర్మారావు గుమ్మంలో నిలబడి రెండు తెరలూ చూశాడు. పదిహేనేళ్ళుగా ఈ బొమ్మలు తీస్తున్నవాడు. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

“అప్పుడే ఉందా మేడమ్?”

“ఉంది.”

“మరి మిషన్ ఎందుకు సెప్పలేదు?”

“మిషన్ చెప్పేది. రెండోసారి నడిపితే చెప్పేది. నేను నడపలేదు.”

అతను బయట బెంచీ మీదున్న భార్య దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ల్యాబ్‌లో మిగతా పనులన్నీ ఆపేశారు. పదకొండు వందల ఎనభై ఎనిమిది మంది బొమ్మలనూ జరిపిన గళ్ళతో మళ్ళీ నడిపారు. పదిహేను రోజులు పట్టింది. పక్క మండలానికి రిపోర్టులు ఇంకా వెళ్ళలేదు, వాటిని ఆపి పెట్టారు. కూర్మారావు రోజూ వచ్చాడు. చెప్పిన పనల్లా చేశాడు. ‘మేడమ్’ అనడం మాత్రం మానేశాడు. మొత్తం ముప్పై ఒక్కమంది బయటపడ్డారు. అందర్నీ పిలిపించి కొత్త బొమ్మలు తీశారు. పంతొమ్మిది మందికి ఇంకా సమయం ఉంది, అదే వారంలో బాషా మందు ఇచ్చాడు. పన్నెండు మందికి కనీసం ఒక కన్నయినా చెయ్యి దాటిపోయింది. వాళ్ళలో గున్నమ్మ ఒకతె. ఆమె కుడికన్ను దక్కదు. ఎడమ కంట్లో అప్పుడే మొదలవుతోంది. దానికి మందు వేశారు, నిలుస్తుందో లేదో మూడు నెలల తర్వాత గానీ తెలియదు.

ఆ పన్నెండు మందికీ ఏమని చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. బాషా ఒక కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు.

“జబ్బు తొందరగా ముదిరిందని రాద్దాం. అది అబద్ధమేం కాదు. నాళం వెంబడి పాకే రకం నిజంగానే తొందరగా ముదురుతుంది.”

“సగం నిజమండీ.”

“ఆ సగం చాలు. రేపు మన వ్యాను వెళ్తే ఒక్కరు కూడా రాకపోతే? ఇంకా నాలుగు మండలాలున్నాయి. వాళ్ళ మాటేంటి?”

“తెలియదు. కానీ కూర్మారావుకి తెలుసు. అతను రేపు ఆ ఊళ్ళోనే కెమెరా పట్టుకుని తిరగాలి. అబద్ధం అతని చేత మోయించలేను” అంది హైమావతి.

“మీరు వెళ్ళి చెప్తారా?”

“వెళ్తాను.”

“ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు.”

“రానివ్వండి.”

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కొత్తరేవులో ఉప్పు సొసైటీ రేకుల షెడ్డులో పన్నెండు మందీ కూర్చున్నారు. ఇళ్ళవాళ్ళు వెనక నిలబడ్డారు. షెడ్డు బయట మళ్ళన్నీ ఎండకు మెరుస్తున్నాయి, అటు చూడటం కష్టంగా ఉంది. హైమావతి నిలబడే చెప్పింది. రెండు యంత్రాల సంగతి, తను వేగంగా చేసేదాన్ని ఎందుకు ఎంచుకుందో, బొమ్మను ఎలా కోశారో, కోసినచోట ఏం పోయిందో. కాగితం మీద గళ్ళు గీసి చూపించింది. చివర్న ఒక మాట మిగిలింది.

“రెండోసారి నడిపితే పద్దెనిమిది రోజుల్లో మీ పేర్లు బయటికొచ్చేవి. నడపాలని నాకు తెలుసు. రాసి కూడా పెట్టుకున్నాను. ఇవాళా రేపా అనుకుంటూ వదిలేశాను.”

ముందు వరసలో ఉన్న గంగయ్య అనే పెద్దాయన కాగితం వైపు చెయ్యి చాపాడు. రెండు కళ్ళూ పోతున్నవాడు. గీతలు కనబడవు గనక వేలితో తడుముతున్నాడు.

“ఆ పెద్ద మిషనే కొనుంటే నాకు సూపు ఉండునా అమ్మా?”

“మీ పేరు జాబితాలో ఎక్కడుందో చూశాను. అది కొనుంటే మీ వంతు ఇంకా వచ్చేది కాదు. దీన్నే రెండుసార్లు నడిపి ఉంటే, ఉండేది.”

“అయితే మిషన్ది కాదు తప్పు.”

“కాదు.”

గంగయ్య తల ఊపాడు. కాగితం ఆవిడకు తిరిగి ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనకనుంచి అతని కోడలు ముందుకొచ్చింది.

“మీకు అలుపొచ్చిందని మా మావకి కళ్ళు పోవాలా? మాకు అలుపు రాదా? ఎండలో ఉప్పు లాగుతాం, ఎవులితోనన్నా సెప్పుకుంటామా?”

హైమావతి తల దించుకోలేదు. “మీరన్నది నిజమే” అంది. ఆ అమ్మాయి మామగారి చెయ్యి పట్టుకుని లేపి తీసుకెళ్ళిపోయింది. ఆ వెనకే ఇంకో నలుగురు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మందు గురించీ, పిల్లలకు పరీక్షల గురించీ అడిగారు. అడిగినవాటికల్లా ఆవిడ జవాబు చెప్పింది. తెలియనివాటికి తెలియదని చెప్పింది.

గున్నమ్మ చివరిదాకా కూర్చుంది. అందరూ వెళ్ళాక, “కూకోండమ్మా, ఎంతసేపు నిలబడతారు” అని పీట జరిపింది. హైమావతి కూర్చుంది.

“నాకు కోపం లేదని నాను అనను” అంది గున్నమ్మ. “మీరు రాకుండా రాసి పంపిస్తే ఇంటాయన మీద పడేది ఆ కోపం. అప్పటి కాగితం తెచ్చింది ఆయినే గదా. మీరు రాబట్టి ఇంట్లో పడనేదు. అంతే.”

తిరుగు ప్రయాణంలో వ్యాను నడిపింది కూర్మారావు. శ్రీకాకుళం దాటాక అన్నాడు.

“నాను పని మానీడం నేదు. కానీ ఒకటి. రెండోసారి నడపనిదే రిపోర్టు బయటికి ఎల్లకూడదు. సంతకం నాది కూడా ఉండాల. నాకు ఇంగిలీసు రాకపోతే రాలేదు, బొమ్మ సదవడం వచ్చు.”

“అలాగే.”

“రాసి పెట్టండి. నోటితో కాదు.”

ఆవిడ అక్కడే, కదిలే వ్యానులో, ఒళ్ళో పెట్టుకున్న ఫైలు మీద రాసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. సోమవారం బాషా కూడా దాని మీద సంతకం చేశాడు. కేంద్రం వాళ్ళు విచారణ వేశారు. రెండు నెలలు సాగిన విచారణలో హైమావతి షెడ్డులో చెప్పిన మాటలే చెప్పింది. విభాగానికి అధిపతిగా ఆవిడను తీసేసి, అదే గదిలో అదే పనికి ఉంచారు. వ్యాను వెళ్ళిన ఊళ్ళలో మొదట్లో సగం మందే వచ్చారు. తర్వాత కొంచెం పెరిగారు. ‘తొందరగా’ అని ఎవరైనా అడిగితే కూర్మారావే చెప్పేవాడు, రెండు విడతలు పడుతుందని.

మూడు నెలలయ్యాక గున్నమ్మను పరీక్షకు తీసుకొచ్చాడు. ఎడమకన్ను తనే తీశాడు. ఆమె గడ్డం కాస్త పైకెత్తి, “కదలకు” అన్నాడు, అందరితో అనే గొంతుతోనే.

హైమావతి మొదటి విడత నడిపింది. ఆకుపచ్చ అంకె. గున్నమ్మ బెంచీ మీదనుంచి మొగుడి మొహం చూసింది. అతను అంకె వైపు చూడలేదు, గళ్ళు జరుపుతున్నాడు. ఇంకో తొమ్మిది నిమిషాలు ముగ్గురూ కూర్చున్నారు. రెండో అంకె కూడా ఆకుపచ్చగానే వచ్చింది. కూర్మారావు నాళం వెంబడి బొమ్మంతా కళ్ళతో ఒకసారి వెతికాడు. కాగితం మీద సంతకం పెట్టి హైమావతి ముందుకు జరిపాడు. ఆవిడ కింద సంతకం పెట్టింది.

“రెండోసారి సూసేరా?” అని అడిగింది గున్నమ్మ.

“చూశాం.”

గున్నమ్మ లేచి, కుడివైపు గోడ కనబడక చేత్తో తడుముకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది.

“అయితే ఎల్తాను. పదకొండింటి బస్సుంది.”